సంధియు మైత్రియు: మార్జాల మూషిక కథా విమర్శనము

శాంతిపర్వమందలి యాపద్ధర్మ ప్రకరణమున మార్జాల మూషిక సంవాద మను కథ గలదు. చిన్నయసూరి 1853వ సంవత్సరమునఁ బ్రకటించిన నీతిచంద్రికలో మిత్రలాభ మను భాగమున వాయస మూషికముల మైత్రి గలదు. రెండు కథలందును ఎలుకయే ప్రధాన పాత్రము. రెండింటను దాని యెదుట నిలిచినది దానిని భక్షింపఁదగిన జంతువే. అయినను మొదటి యెలుక పిల్లితో నొక్క రాత్రి పొత్తు చేసి, తెల్లవాఱినంతనే దానిని ద్రెంచుకొని బిలముఁ జొచ్చినది. రెండవ యెలుక కాకితో మైత్రి చేసి కడవఱకు దానిని నిలుపుకొన్నది. ఒక కథ పగవానిని నమ్మరాదనుచున్నది. రెండవది నమ్మి బాగుపడిన విధముఁ జూపుచున్నది. ఇందేది నీతి?

ఈ ప్రశ్నకుఁ బాఠశాలలయందు సామాన్యముగాఁ జెప్పఁబడు సమాధానములు రెండు. నీతులు దేశకాలములను బట్టి మాఱుచుండును గనుక నేది యనుకూలమో దానిని గ్రహింపవలయు ననునది మొదటిది. ఇది సమాధానము గాదు, సమాధానము చెప్పకుండుటకు మార్గము. పిల్లి స్వభావముచే దుష్టము, కాకి స్వభావముచే సాధువు, కావున ఫలము భేదించె ననునది రెండవది. ఇదియుఁ గథకు విరుద్ధమే. పిల్లి యా రాత్రియంతయుఁ దన మాటఁ దప్పలేదు. కాకియు నెలుకలను దినని పక్షి కాదు.

నేనును బెక్కేండ్లు ఈ రెండవ సమాధానమునే చెప్పుచుంటిని. భద్రాచలపు టడవి యంచుననున్న యొక పల్లెనుండి వచ్చి నాయొద్దఁ జదువుకొన్న బాలుఁ డొకఁడు పాఠము విని, "పంతులుగారూ, ఆ పిల్లికిని నెలుకకును మఱల నెన్నఁడైన నొకరితో నొకరికిఁ బని పడునా?" యని యడిగెను. దానిని బాలచాపల్యముగాఁ దలఁచి యూరకుంటిని. ఆ ప్రశ్నలోనే యీ రెండు కథల విరోధమునకుఁ బరిహారము గలదని యిప్పుడు నమ్ముచున్నాను. ఆ నమ్మికకుఁ గారణములను బండితుల యెదుట నుంచుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ముందుగాఁ బిల్లి కథను జూతము. పలుదెసలఁ బగవారు చుట్టుకొన్నపుడు రాజేమి చేయవలయునని ధర్మరాజడుగఁగా భీష్ముఁడు చెప్పిన కథ యిది. అడవిలో నొక మఱ్ఱిచెట్టు. దాని మొదట నూఱు ద్వారములు గల బిలమునఁ బలితుఁడను నెలుక, కొమ్మలయందు లోమశుఁడను పిల్లి వసించుచుండెను. పరిఘుఁడను వేఁటకాఁడు ప్రతిసాయంకాలము నచట వలఁ బన్ని పోయి, ప్రొద్దుననే వచ్చి చిక్కిన మృగములను గొనిపోవుచుండెను. ఒకనాఁడు పిల్లి వలలోఁ జిక్కెను. ఎలుక సంతసించి తిరుగాడుచుండఁగా నేలమీఁద నొక ముంగిసయు, కొమ్మమీఁద నొక గుడ్లగూబయుఁ దన్నుఁ బొంచియుండుటఁ జూచెను. అపుడది పిల్లి యొడిలోఁ జేరి ప్రాణము దక్కించుకొనుటకును, అందులకు బదులుగాఁ బిల్లి పాశములను గొఱుకుటకును సంధి కుదిరెను. ఎలుక పిల్లి యొడిలోఁ బండుకొనఁగా ముంగిసయు గుడ్లగూబయు నిరాశచే వెడలిపోయెను.

కథలోని కీలక మింతట నారంభ మగుచున్నది. ఎలుక త్రాళ్లను మెల్లమెల్లఁగాఁ గొఱుకుచుండెను. పిల్లి తొందరపెట్టెను. అకాలమున విడిపించినచో నీవలన నాకు భయము గలుగును. వేఁటకాఁడు కనఁబడినపుడు విడిపించినచో నీకుఁ జెట్టెక్కుట దక్క వేఱు తలంపు పుట్టదని యెలుక యుత్తర మిచ్చెను. చివరి పాశము నొక్కదానిని మిగిల్చి, పరిఘుఁడు సమీపించినపుడు దానినిఁ గొఱికెను. పిల్లి చెట్టెక్కెను, ఎలుక బిలముఁ జొచ్చెను. పిమ్మట పిల్లి కొమ్మమీఁదనుండి తీయని మాటలతో మైత్రికిఁ బిలువఁగా నెలుక యొల్లదయ్యెను. శత్రుమిత్రభావములు జన్మముచేఁ గలుగునవి గావనియు, ప్రయోజనముచేఁ గలుగుననియు, నా ప్రయోజనము తీఱినదనియు దాని వాదము.

కౌటిల్యుని మతమున సంధి యనఁగాఁ బణముతోఁ గూడిన కట్టుబాటు. మాటయు శపథమును జంచలములు, జామీనుగా నొకటి చేతఁబట్టుకొనుటయే స్థిరమని పూర్వాచార్యు లన్నట్లును, దాను వారితో నేకీభవింపనట్లును నతఁ డర్థశాస్త్రమున వ్రాసియున్నాఁడు. శపథ మిహపరములు రెండింటఁ గట్టునదియు, జామీను ఇహమాత్రమునకే పనికివచ్చునదియు నని యాతని యభిప్రాయము. మన కథలో నెలుక పూర్వాచార్యుల పక్షమునఁ జేరినది. చివరి పాశమే దాని చేతి జామీను. పిల్లి సాధుత్వము మీఁదఁ గాక, పిల్లికి ద్రోహము చేయ నవకాశము లేకుండుట మీఁద నది యాధారపడినది. కావుననే దాని యాలస్యము మోసము గాదు. ఇచ్చిన మాట నది తీర్చినది. తీర్చు సమయమును మాత్రము తానే నిర్ణయించుకొన్నది.

ఈ విషయమునుగూర్చి పాశ్చాత్య గణితజ్ఞు లిరువదవ శతాబ్ది నడుమ నొక శాస్త్రమును బెంపొందించిరి. దానిని క్రీడాసిద్ధాంత మనవచ్చును. అందు ప్రధానమైన "ఖైదీల సందిగ్ధము" అను సమస్యను 1950లో ఫ్లడ్, డ్రెషర్ అను నిరువురు కల్పించిరి. టకరను గణితజ్ఞుఁడు దానికి ఖైదీల కథను, నా పేరును గూర్చెను. ఖైదీల కథకంటె మన సీమ కథయే సుబోధము. ఖమ్మమునకును భద్రాచలమునకును నడుమనున్న యడవి పల్లెలలో వేసవి తొలినాళ్ల నిప్పపూవు రాలును. చెట్టుక్రింది యెండుటాకులను నూడ్చి పూవేఱుట శ్రమ. ఆకులకు నిప్పుపెట్టినచో నేల తేటపడి పూవు సులభముగాఁ గానవచ్చును. కాని యా నిప్పు ప్రాఁకి మొలకలను, గడ్డిని, వచ్చు నేఁటి చెట్లను గాల్చును. చెంతచెంత నిరువురి చెట్లున్నవనుకొందము. ఎదుటివాఁడూడ్చినచో నేను నిప్పుపెట్టి శ్రమఁ దప్పించుకొందును. ఎదుటివాఁడు నిప్పుపెట్టినచో నా యూడ్పు వ్యర్థము. ఎట్లయినను నిప్పుపెట్టుటయే నాకు లాభమని యిరువురును దలఁతురు. ఇరువురి తర్కము నిర్దుష్టమే. ఫలితము మాత్ర మిరువురికిని జేటు. ఒకరొకరి బుద్ధి సరిగానుండఁగా నందఱి బుద్ధి చెడుటయే యీ సందిగ్ధము.

ఆట యొక్కమాఱే యైనచో దీని కుపాయము లేదు, జామీను తప్ప. పిల్లి యెలుకల యాట యట్టిది. తెల్లవాఱుటతో నది ముగియునని యిరువురికిని దెలియును. ముగింపు దెలిసిన యాటలోఁ గడపటి యెత్తునఁ ద్రోహము చేయుటకు వెఱపుండదు. కడపటిది చెడునని తెలిసినపుడు దాని ముందఱి యెత్తున సాధువుగా నుండుటకును గారణముండదు. ఇట్లు చెడుగు చివరనుండి మొదటికిఁ బ్రాఁకును. ఎలుక దీని నంతయు నెఱిఁగి, చివరి యెత్తును వేఁటకాని రాకతో ముడిపెట్టి, యా ప్రాఁకుడును నిలిపినది. ఇదియే దాని ప్రజ్ఞ.

ఆట మఱలమఱల నాడవలసినదైనచో లెక్క మాఱును. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయాచార్యుఁడు రాబర్టు ఆక్సెల్‌రాడ్ ఈ విషయమును బరీక్షింపఁగోరి, పండితులచే గణనయంత్రములపై నాడఁదగు విధానములను వ్రాయించి పోటీ పెట్టెను. ఇరువురును సహకరించినచో మూఁడేసి యంకములు. ఇరువురును ద్రోహము చేసినచో నొక్కొక్కటి. ఒకఁడు సహకరింపఁగా రెండవవాఁడు ద్రోహము చేసినచో ద్రోహి కైదు, సాధువునకు సున్న. తొలి పోటీకిఁ బదునాలుగు విధానములు వచ్చెను. ఫలితముఁ జూచిన పిమ్మట జరిగిన రెండవ పోటీకి అఱువదిరెండు వచ్చెను. రెండింటను గెలిచినది అనటోల్ రాపపోర్టు పంపిన యతి స్వల్పమైన విధానమే. మొదట సహకరింపుము, తరువాత నెదుటివాఁడు క్రిందటిమాఱు చేసినదానినే నీవును జేయుము అనునంతయే దాని రూపము. మొదట ద్రోహముఁ దలపెట్టకుండుట, ద్రోహమునకు వెంటనే బదులిచ్చుట, ఎదుటివాఁడు దిద్దుకొన్నంతనే మఱచుట, తన నడవడి యెల్లరకుఁ దెలియునట్లుండుట యను నాలుగు గుణములే దాని విజయమునకు హేతువులని ఆక్సెల్‌రాడ్ 1984లోఁ బ్రకటించిన గ్రంథమున నిరూపించెను. ఈ విధానము నెదుటివానిపై నొక్క యంకమైన నధికముగా నెన్నఁడును గెలువలేదు. అయినను మొత్తము లెక్కలో నగ్రస్థానమున నిలిచెను. ఎదుటివానిని జయించుట వేఱు, తాను బాగుపడుట వేఱు అని నీతిశాస్త్రముఁ జదువువారు గుర్తింపవలసిన విషయమిది.

ఈ గుణములు మన కావ్యములకుఁ గ్రొత్తవి గావు. పర్ణశాలకును భద్రగిరికిని నెలవైన యీ సీమవారికి రామకథకంటె దగ్గఱి యుదాహరణము వేఱుండదు గదా. కిష్కింధాకాండమున రామసుగ్రీవుల సఖ్యము అగ్నిసాక్షిగా జరిగినది. అనఁగాఁ గౌటిల్యుఁడు మెచ్చిన శపథసంధి. కాని సుగ్రీవుఁడు శపథము నొక్కదానినే నమ్మలేదు. దుందుభి కళేబరమును, సాలవృక్షములను జూపి రాముని బలమును బరీక్షించెను. రాముఁడు ముందుగాఁ దన పాలి పనిని నెఱవేర్చెను. వాలి కూలెను. వానకాలము గడిచినను సుగ్రీవుఁడు తన పాలి పనికిఁ బూనుకొనఁడయ్యె. అపుడు రాముఁడు మఱచి యూరకుండలేదు. ఒక్కమాఱుగా నాతనిఁ జంపనులేదు. లక్ష్మణునిఁ బంపి, వాలికిఁ బట్టిన గతిని జ్ఞాపకము చేయించెను. తార యనునయించెను, సుగ్రీవుఁడు తప్పొప్పుకొనెను, లక్ష్మణుఁడును దన పరుష వాక్యములకు క్షమ వేఁడెను. నాఁటినుండి యా సఖ్యమునకు లోటు లేదు. ముందుగా మేలు చేయుట, ఆలస్యమునకుఁ గోపించుట, దిద్దుకొన్నంతనే క్షమించుట యను మూఁడును నిచటఁ గ్రమముగా నున్నవి. ఈ ఘట్టమున రాముని కోపమును లోపముగా నెంచి సమర్థింపఁ బ్రయాసపడు వ్యాఖ్యాతలకు నా మనవి యొక్కటియే: ఆ కోపము లేనిచో సఖ్యమే నిలువదు.

ఇఁక మిత్రలాభము. లఘుపతనక మను కాకి మైత్రిఁ గోరఁగా హిరణ్యకుఁడు మొదట నొల్లఁడు. నీవు భక్షకుఁడవు, నేను భక్ష్యమనునదియే యతని మాట. పలితుని మాటయు నిదియే గదా. ఇంతవఱకు రెండెలుకలకును భేదము లేదు. భేద మటుపిమ్మటఁ గలుగుచున్నది. హిరణ్యకుఁడు మాటలకు లొంగి యొక్కమాఱుగాఁ దన ప్రాణమును గాకి ముందఱఁ బెట్టలేదు. మైత్రి కుదిరిన పిదప నిరువురును దినదినము నొకరి కొకరు ఆహార మిచ్చుకొనుచు, కుశలమడుగుచు, విస్రంభముతో మాటలాడుకొనుచుఁ గాలము గడపిరని కథ. సామాన్యముగా నొక్క వాక్యములో దాఁటిపోవఁబడు నీ భాగమే కథ కంతకును మూలబలము. చిన్న చిన్న యిచ్చిపుచ్చుకోళ్లలో నొకరికి నష్టము కలిగినను నది యొకనాఁటి తిండితో సరి. అట్టి చిన్న పరీక్షలు వందలు గడచిన పిదపఁ బెద్ద యాపద వచ్చినపుడు జామీనుతోఁ బని లేదు. కావుననే చిత్రాంగుఁడు వలలోఁ జిక్కినపుడును, మంథరుఁడు వేఁటకానికిఁ జిక్కినపుడును హిరణ్యకుఁడు చివరి పాశమును మిగుల్పక వెంటనే కొఱికినాఁడు. ఒక యెలుక యాలస్యమును, ఇంకొక యెలుక త్వరయు ఒకే నీతికి రెండు ముఖములు. మఱల కలియు నాశ లేనిచోట జామీను. మఱలమఱలఁ గలియుచోట నమ్మకము. బాలుని ప్రశ్న కిదియే యుత్తరము.

వ్యాకరణము చదివినవాఁడను గావున నిచట నొక మాట చెప్పక పోఁజాలను. పాణిని ఆత్మనేపద ప్రకరణమునఁ గర్మవ్యతిహారమున, అనఁగాఁ గ్రియను బరస్పరము మార్చుకొనుచోట, ఆత్మనేపదమును విధించెను. ఒకరికి సంబంధించిన పనిని నింకొకరును, వారి పనిని వీరును జేయుట యని కాశికాకారుల వివరణము. వారిచ్చిన యుదాహరణము "వ్యతిలునతే": ఒకరి చేను నొకరు కోయుచున్నారని యర్థము. క్రియాఫలము కర్తకుఁ జెందునపు డాత్మనేపదము వచ్చుట శాస్త్రమున మఱొక సూత్రముచే నెఱిఁగినదే. ఇచటఁ గోఁత ఫలము తత్క్షణమునఁ బరునిదే. అయినను బదము "తనకొఱకు" అను పేరుగలదే. వెనువెంటనే గత్యర్థకములకును, హింసార్థకములకును నీ విధి నిషేధింపఁబడినది. ఒకరినొకరు కొట్టుకొనుట "వ్యతిఘ్నంతి" యని పరస్మైపదమే. పరస్పరోపకారము తన కగుననియు, పరస్పరహింస తనకుఁ గాకపోవుననియు సూత్రములే బోధించుచున్నవని చెప్పుట కెంత ముచ్చటగా నుండును! కాని సత్యము చెప్పవలయును. హృ ధాతువునకును, వహ ధాతువునకును నా నిషేధము వర్తింపదని వార్తికము. కావున రాజులొకరినొకరు ప్రహరించుకొనుటయు "సంప్రహరంతే" యని యాత్మనేపదమే యగుచున్నది. పాణిని రూపములను సాధించెనే కాని నీతిని బోధింపలేదు. అయినను బరస్పర క్రియ కుదాహరణముగాఁ గాశికాకారులకు మొట్టమొదటఁ దోఁచినది చేనికోఁత యగుట గమనింపఁదగినది.

వారికిఁ దోఁచినది మన పల్లెలలోఁ గన్నుల కగపడును. నేఁడు మీ చేనికి మేము, ఱేపు మా చేనికి మీరు అను బదులుపని యీ సీమ రైతులకుఁ గొత్త గాదు. ఈ లెక్కకుఁ బుస్తకముండదు, సాక్షియుండఁడు. రాకపోయినవాని చేనికిఁ దరువాతి కోఁతకు నెవరును బోరు, వచ్చి తప్పొప్పుకొన్నచో మఱల పోదురు. మైదానమువారు కోయలను, కొండరెడ్లను "అమాయకు" లనుట వాడుక. ఈ మాట మెప్పువలె వినఁబడినను న్యాయము గాదు. తమలోఁ దాము నమ్ముకొనుట వారికి బుద్ధిలేమిచేఁ గలిగినది గాదు. ఱేపును, ఎల్లుండియు, తరతరములును నదే పొరుగున నుండవలయునను నెఱుకచేఁ గలిగినది. ఆ నమ్మకమునే యొక్కనాఁ డడవికి వచ్చి పోవు పరదేశి యెడఁ జూపినపుడు మోసపోయిరి. కలప వర్తకుల యప్పులలోఁ జిక్కిన కొండరెడ్ల దురవస్థను హైమెండార్ఫు పండితుఁడు 1945లోఁ బ్రకటించిన తన గ్రంథమున వర్ణించియున్నాఁడు. హిరణ్యకుని ధర్మమును బలితుఁడుండవలసినచోట నాచరించుటయే వారి నష్టమునకుఁ గారణము. దోషము మాత్రము మోసగించినవానిదే.

ఉమ్మడి సొత్తు తప్పక పాడగునని గారెట్ హార్డిన్ 1968లో వాదించెను. ఉమ్మడి యడవులను, నీటిని, బీళ్లను దరతరములుగాఁ గాపాడుకొనుచున్న సమాజముల నియమములను బరిశోధించి, యా వాదము సార్వత్రికము గాదని ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో నిరూపించెను. ఆమెకు 2009లో నర్థశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను. ఎవరు ఉమ్మడివారో తెలిసియుండుట, తప్పుచేసినవానికి మొదటఁ జిన్న శిక్ష, పిమ్మటఁ బెద్ద శిక్ష, తగవులు తీర్చు తావు దగ్గఱ నుండుట యనునవి యామె గుర్తించిన నియమములలోఁ గొన్ని. ఇప్పచెట్ల నిప్పునకు మందు నిందే యున్నది. పైనుండి వచ్చు నాజ్ఞకంటె, చుట్టునున్నవారు మఱుసటి వేసవియు నచటనే యుందురను నమ్మకము బలీయము.

ఆ నమ్మకము నేఁడు చెదరుచున్నది. 2014లో ఖమ్మము జిల్లా నుండి యేడు మండలములలోని గ్రామములు పోలవరపు ముంపుఁ గారణముగా నాంధ్రప్రదేశమునకుఁ జేర్పఁబడెను. ముంపు పల్లెలనుండి జనులు క్రొత్త కాలనీలకుఁ దరలింపఁబడుచున్నారు. ఇంటికిఁ బరిహారముండును, భూమికిఁ బరిహారముండును. ఇన్నితరముల బదులుపని లెక్కకు, చిన్న చిన్న యిచ్చిపుచ్చుకోళ్లతోఁ గూర్చుకొన్న నమ్మకమునకు వెలకట్టు విధము లేదు. పొరుగు మాఱినవాఁడు హిరణ్యకుఁడైనను మఱల పలితుఁడై మొదలిడవలసినదే.

ఇచట నొక యాక్షేపము రావచ్చును. దీర్ఘపరిచయమే మైత్రిని నిలుపునేని, మిత్రభేదమునఁ బింగళక సంజీవకుల మైత్రి యేల చెడెను? అది నిజమైన ద్రోహముచేఁ జెడినది గాదు, దమనకుఁడు కల్పించిన తప్పు వార్తచేఁ జెడినది. బదులుకు బదులను విధానమున కిదియే దౌర్బల్యము. ఒక్కమాఱు పొరపాటున ద్రోహ మనుకొన్నచో నిరువురును నొకరి వెనుక నొకరు దెబ్బతీయుచుఁ బోదురు. ఆ వరుసకు నంతముండదు. దీనిని గుర్తించి నోవక్, సిగ్మండ్ అను పండితులు 1992లో, అప్పుడప్పు డొక ద్రోహమును జూచియుఁ జూడనట్లు విడుచు నుదార విధానమే పొరపాట్లుగల లోకమున మేలైనదని చూపిరి. మిత్రభేదమున లేనిది సరిగా నీ యౌదార్యమే. సింహ మొక్క దినము తాళి, ఎద్దును నేరుగా నడిగియుండినచో దమనకుని కథ యక్కడితోఁ దీఱియుండెడిది.

కావున ఈ కథల నన్నింటిని నొక్క సూత్రమునఁ గూర్పవచ్చును. పిల్లికథ యొకనాఁటి యాటకు, రామసుగ్రీవకథ ఋణము తీర్చుకొను నాటకు, మిత్రలాభము ముగింపు తెలియని యాటకు, మిత్రభేదము పొరపాటు గలిగిన యాటకు లక్ష్యములు. వీనిలో నొకదాని నీతిని వేఱొకదానికిఁ బట్టించుటయే మనము చేయుచు వచ్చిన తప్పు. పిల్లికథను జెప్పి పొరుగువారిని నమ్మరాదని బాలురకు నేర్పు నుపాధ్యాయుఁడు నూఱు ద్వారములున్న బిలమునకు నొక్కటి తప్పఁ దక్కినవన్నియు మూసినవాఁడగును. మిత్రలాభమును జెప్పి యెల్లరను నమ్ముమనువాఁడు పిల్లి యొడిని మెత్తని పడక యనువాఁడగును.

ఎలుక యెందుల కాలస్యము చేసినదని మాత్రమే కాక, రెండవ యెలుక యెందుల కాలస్యము చేయలేదనియు నడుగునట్లు పాఠము చెప్పవలయును. ఉత్తరము బాలురే చెప్పుదురు. అడవి యంచునుండి వచ్చినవారు మనకంటె ముందుగాఁ జెప్పుదురు. ఇందలి గుణదోషములను విద్వాంసులు పరిశీలింతురు గాక.